పడమటి గోడ

ఆవిడ పోయారన్న కబురు ఒక ఆదివారం పొద్దున వచ్చింది. మా అమ్మాయిని డాన్సు క్లాసులో దించి, ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల షాపు ముందు కారు ఆపుకుంటున్నాను. ఫోన్ చేసింది ఆవిడ కూతురు.

"అక్కా, అమ్మ పోయింది. నిద్రలోనే. పెయిన్ ఏమీ లేదంట" అంది. అమెరికాలో పుట్టిన పిల్లల తెలుగు. ఒక్కో మాటా వెతుక్కుని పెడుతోంది.

ఫోన్ పెట్టేశాక, స్టీరింగు మీదున్న నా చేతివేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. ఎవరిని కలిసినా ఆవిడ ముందు మొహం చూసేవారు కాదు, గోళ్లు చూసేవారు. గోళ్లయ్యాక పెదాలు, పెదాలయ్యాక మెడ. అన్నీ చూశాకే "బాగున్నారా" అని అడిగేవారు. ఆ పాటికి బాగున్నదీ లేనిదీ ఆవిడకి తెలిసిపోయి ఉండేది.

ఆవిడ మత్తు డాక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆపరేషన్ బల్లకి తలవైపు, స్టూలు మీద కూర్చుని గడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆ చూపు పోలేదు. ఒకసారి ఉగాది భోజనాల దగ్గర, తెలుగు సంఘంలో పెద్దమనిషి ఒకాయన ఆవిడకి వంగి నమస్కారం పెట్టాడు. ఆవిడ ఆయన్ని కిందికీ పైకీ చూసి, "మీకు ఆపరేషన్ అవసరం రాకుండా చూసుకోండి బాబూ. మెడ బొత్తిగా లేదు, గొంతులో ట్యూబు వెయ్యడం కష్టం" అన్నారు. ఆయన పులిహోర పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆవిడకి అది పరాచికం కాదు. నిజంగానే ఆయన గురించి బెంగ పడ్డారు. కార్లో ఇంటికి వస్తున్నంతసేపూ "పాపం, మంచివాడిలా ఉన్నాడు" అంటూనే ఉన్నారు.

మా ఆయనకి బఫెలోలో ప్రాజెక్టు వచ్చినప్పుడు మేం ఆవిడ ఇంట్లో పైభాగం అద్దెకి తీసుకున్నాం. రెండువేల మూడో, నాలుగో. పాత ఇటుక ఇల్లు. కింద ఆవిడ, పైన మేం. చుట్టుపక్కల తెలుగువాళ్లంతా ఊరి బయట కొత్త ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోయినా ఆవిడ కదల్లేదు. మొదటిరోజు నేను "ఆంటీ" అంటే మొహం చిట్లించారు.

"ఆంటీ ఏవిటి, పిల్లలు పిలిచినట్టు. పిన్నీ అను."

"మా దిక్కు చిన్నమ్మ అంటమండీ" అన్నాను. మాది కరీంనగర్. ఆవిడది తెనాలి పక్కన.

"అయితే చిన్నమ్మా అనే అను. ఆ మాట నన్ను ఎవరూ అనలేదు ఇప్పటిదాకా" అన్నారు, కొత్త చీర ఇచ్చినంత సంబరంగా. చివరిదాకా నాకు ఆవిడ చిన్నమ్మే. ఆవిడకి నేను 'అమ్మాయ్'ని, మా ఆయన 'అబ్బాయి'.

వాళ్లాయన్ని నేను చూడలేదు. మేం రావడానికి కొన్నేళ్ల ముందే పోయారు. వంతెనలు కట్టే ఇంజనీరు. సిమెంటంటే ఆయనకి ఎంత నమ్మకమో చిన్నమ్మ కథలు కథలుగా చెప్పేవారు. వాటిలో మళ్లీ మళ్లీ చెప్పింది పడమటి గోడ కథ.

"ఓ చలికాలం మంచం మీద కూర్చుని, 'గోడలోంచి చలి వస్తోందండీ' అన్నానే అమ్మాయ్. అంతే. అన్నదాన్ని మర్చిపోయాను కూడా. వేసవి రాగానే సెలవు పెట్టి నిచ్చెనెక్కారు మహానుభావుడు. ఇటుకల మధ్య సందులన్నీ తవ్వి, మళ్లీ సిమెంటుతో పూడ్చారు. ముందువైపు నుంచి మొదలుపెట్టి, పడమటి గోడంతా తిరిగి, వంటింటి వెనక మూలదాకా. మనిషిని పెట్టుకోండి అంటే వినలేదు. నీకు చలి పుట్టకూడదు, నేనే చేస్తానన్నారు."

ఆ ఏడు మొదటి మంచు పడిన వారంలోనే ఆయన పోయారట. వంటింట్లో, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే.

ఆయన పోయాక రెండు చలికాలాలు గడిచేసరికి గోడ పెచ్చులూడటం మొదలైంది. మేం దిగిన మొదటి మార్చిలో నేనే చూశాను. మంచు కరుగుతుంటే గోడ మొదట్లో, తెల్లటి మంచు మీద, ఎర్రటి ఇటుక పెచ్చులు. కొన్ని గోరంత, కొన్ని అరచేయంత. చిన్నమ్మ రోజూ పొద్దున్నే చీపురూ బకెట్టూ పట్టుకుని వెళ్లి, వాటిని ఊడ్చి తెచ్చి గులాబీ మొక్కల మొదట్లో పోసేవారు. ఒక మేస్త్రీ వచ్చి చూశాడట అంతకుముందే. పాత ఇటుక మెత్తనిది, దాని సందుల్లో సున్నం ఉండాలి, లోపలికి దిగిన నీళ్లు ఆ సున్నంలోంచే బయటికి పోతాయి, సందులు సిమెంటుతో బిగించేస్తే నీళ్లు ఇటుకలోనే ఉండిపోయి, గడ్డకట్టి, ఉబ్బి, ఇటుక మొహాన్నే ఊడదీస్తాయి, ఆ సిమెంటంతా తీసెయ్యాలి అని చెప్పాడట. చిన్నమ్మ "మా ఆయన ఇంజనీరు" అని ఒక్క మాట అని తలుపు వేసేశారు.

మా అమ్మాయి పుట్టింది ఆ తర్వాతి చలికాలం. తొట్టి మా పడగ్గదిలో పడమటి గోడకి ఆనించి వేశాం. గోడకి చెమ్మ ఎక్కుతోందని తెలుసు. వాల్‌పేపరు ఉబ్బి, అంచుల్లో నల్లటి చుక్కలు వచ్చాయి. మా ఆయన "వేరే అపార్ట్‌మెంట్ చూద్దామా" అంటున్నాడు, నేను చిన్నమ్మకి ఎలా చెప్పడమా అని వాయిదా వేస్తున్నాను. ఇంతలో ఒక పొద్దున గోడ లోపలి పూత పెచ్చుగా ఊడి, సరిగ్గా తొట్లో, పాప కాళ్ల దగ్గర పడింది. పాప ఏడవలేదు, నేనే అరిచాను.

చిన్నమ్మ మెట్లెక్కి వచ్చారు. గోడవైపు చూడనే లేదు. పాపని ఎత్తుకుని గోళ్లు చూశారు, ఛాతీకి చెవి ఆనించి విన్నారు, వీపు మీద విన్నారు. పాపని నా చేతికిచ్చాక, గోడవైపు తిరిగి, దాని మీద అరచెయ్యి పెట్టారు. చాలాసేపు తియ్యలేదు. తీశాక చూస్తే అరచెయ్యి తడిగా ఉంది.

"తొట్టి అవతలి గదిలోకి మార్చెయ్యండి" అన్నారు. గుమ్మందాకా వెళ్లి ఆగి, మావైపు తిరక్కుండా, "ఎండలు రానీ. ఆ మేస్త్రీని పిలుస్తాను" అన్నారు.

మేస్త్రీ ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం వాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, మాట తక్కువ. ఆవిడని 'డాక్' అనేవాడు. పైభాగమంతా పరంజా కట్టుకుని అతను చేసేటట్టు, చేతికందే భాగం ఆవిడ చేసేటట్టు ఒప్పందం. అతనికి అది నచ్చలేదు.

"డాక్, మీ చేతులు పాడైపోతాయి" అన్నాడు.

"నా చేతులకి ఇంక వేరే పనేం లేదు" అన్నారావిడ ఇంగ్లీషులో. నాతో మాత్రం తెలుగులో, "ఆయన చేసింది పరాయివాళ్లు తవ్వుతుంటే చూస్తూ కూర్చోలేనే" అన్నారు.

ఆ వేసవంతా ఆవిడ వేషం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. సల్వారు మీద వాళ్లాయన గళ్ల ఫ్లానెల్ చొక్కా, తలకి షవర్ క్యాపు, మేస్త్రీ బలవంతం మీద ముక్కుకి రబ్బరు మాస్కు. ఉలి ఎక్కడ ఆనించాలో, ఇటుక అంచు విరక్కుండా సుత్తి ఎంత మెల్లిగా కొట్టాలో అతను ఒకసారి చూపించాడు, ఆవిడ పట్టేసుకున్నారు. రోజుకి రెండు మూడు వరసలకన్నా సాగేది కాదు. తవ్విన సందుల్లో సున్నమూ ఇసుకా కలిపి కూరేవారు. మొదటిరోజు సున్నం బకెట్టు మూత తీయగానే నన్ను కేకేశారు.

"ఇదిగో, డంగు సున్నం! మా తాతగారి ఇల్లు కట్టినప్పుడు గానుగలో వేసి ఎద్దుల చేత తిప్పించారట. ఇక్కడ చూడు, పెరుగు డబ్బాలాగా డబ్బాలో అమ్ముతున్నారు."

కూరిన సున్నం త్వరగా ఎండితే పగిలిపోతుంది. తడి గోనెపట్టాలు వేలాడదీసి, మాటిమాటికీ నీళ్లు చల్లాలి. మేస్త్రీ సాయంత్రం చల్లి ఇంటికెళ్లేవాడు. చిన్నమ్మ లోపలికి వెళ్లేవారు కాదు. గోడ ఎదురుగా మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో నీళ్ల స్ప్రే పెట్టుకుని, చీకటి పడేదాకా కూర్చునేవారు.

"లోపలికి రాండ్రి చిన్నమ్మా, గోడ ఏడికి పోతది?" అనేదాన్ని.

"మందిచ్చేసి వెళ్లిపోయేవాడు మత్తు డాక్టరు కాడే అమ్మాయ్. లేచేదాకా పక్కన ఉండాలి" అనేవారు.

సెప్టెంబరులో వంటింటి వెనక మూలకి వచ్చారు. ఒక మధ్యాహ్నం పాపని చంకనేసుకుని కాఫీ తీసుకెళ్లాను. మేస్త్రీ ఆరోజు రాలేదు. చిన్నమ్మ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఉలీ సుత్తీ ఒళ్లో ఉన్నాయి. మాస్కు మెడలోకి జారి ఉంది.

"ఏమైంది చిన్నమ్మా, ఇట్ల కూసున్నరు? దెబ్బ తాకిందా?"

"ఇటు రా. ఈ వరస చూడు."

చూశాను. నాకేమీ తెలియలేదు. సిమెంటే.

"ముందువైపు ఆయన పెట్టింది చూశావుగా. స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఆయన చెయ్యి అంత శుభ్రం. ఇక్కడ చూడు. ఇటుకల మీదంతా పూసుకుపోయింది. ఇక్కడ సగం పూడ్చి ఆపేశారు. మళ్లీ కలుపుకొచ్చారు, రంగు తేడాగా ఉందా? ఇదిగో, మళ్లీ ఆపేశారు. ఇక్కడ తాపీ జారింది."

"అలసిపోయిండ్రేమో."

"అలసట కాదే. ఆయాసం. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడల్లా తాపీ కింద పెట్టేశారు. తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు." ఉలి మొనతో ఒక్కో చోటూ తాకుతూ చెబుతున్నారు. ఆస్పత్రిలో గుండె గీతల కాగితం చదివినట్టే ఉంది ఆ గొంతు. "ఆ వేసవిలో మాటిమాటికీ లోపలికి వచ్చి మంచినీళ్లు తాగేవారు. 'ఎండగా ఉందోయ్' అనేవారు. బఫెలోలో ఎండేవిటే అమ్మాయ్! నేను నమ్మాను. ఈ కిటికీకి అవతల ఆయన, ఇవతల నేను. ఊళ్లో వాళ్లందరి గోళ్లూ చూశాను కదే."

నేను కాఫీ చేతికిచ్చాను. ఆవిడ తాగలేదు. పాప ఆవిడ షవర్ క్యాపు లాగుతుంటే లాగనిచ్చారు. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకున్నారు.

"మా పిల్లకి చెప్పకు. ఎప్పుడూ చెప్పకు. నాన్న హఠాత్తుగా పోయారనే అనుకోనీ. హఠాత్తుగా పోతే అందులో ఎవరి తప్పూ ఉండదు."

చెప్పనని మాటిచ్చాను.

మర్నాడు మేస్త్రీ వచ్చి, ఆవిడ ఉలి పట్టుకోకుండా నిలబడి ఉండటం చూశాడు. అతనికి ఏం అర్థమైందో తెలియదు. "డాక్, ఈ మూల వదిలేద్దామా? చూరు కింద ఉంది, తడి పెద్దగా తగలదు" అన్నాడు. ఆవిడ ఆ పూటంతా ఆలోచించారు. సాయంత్రం "వద్దు. తీసేద్దాం" అన్నారు. ఆ మూల కొద్దిపాటి చోటే, కానీ అంతకుముందు ఏ భాగానికీ పట్టనంత సమయం పట్టింది దానికి. ఊడివచ్చిన సిమెంటు ముక్కలు మిగతా చెత్తతోపాటే లారీలోకి వెళ్లాయి. ఒక్క ముక్కయినా దాచుకుంటారేమోనని చూశాను. దాచుకోలేదు.

గడ్డకట్టే చలి మొదలయ్యేలోపు గోడ పూర్తయింది. మార్చిలో మంచు కరుగుతున్న రోజుల్లో ఒక పొద్దున చిన్నమ్మ కిందినుంచి పిలిచారు. స్టవ్ మీద పాలు ఉన్నాయి, ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

"నువ్వెళ్లి చూసిరా" అన్నారు.

వెళ్లి చూశాను. గోడ మొదట్లో మంచు తెల్లగా ఉంది. ఒక్క పెచ్చు లేదు.

"ఏం లేదు చిన్నమ్మా, మంచిగుంది" అని సంతోషంగా చెప్పాను. ఆవిడ తలూపారు. స్టవ్ కట్టేసి, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మధ్యాహ్నందాకా తియ్యలేదు.

తర్వాత మా ఆయనకి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చి ఎడిసన్‌కి మారిపోయాం. చిన్నమ్మ ఫోన్లు ఆగలేదు. కుశల ప్రశ్నలవగానే "అబ్బాయికి ఫోనివ్వు" అనేవారు. "బాబూ, గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టు, వింటాను." మా ఆయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత ఎక్కడున్నా, ఆఫీసు మీటింగులోంచి బయటికొచ్చి అయినా సరే, నిలబడి లెక్కపెట్టేవాడు. ఊపిరి అందక ఆపగానే అవతల ఆవిడ "చాలు" అనేవారు. ఆ 'చాలు' వింటే మా ఇద్దరికీ ఎందుకో ఆ పూటకి ధైర్యంగా ఉండేది.

అంత్యక్రియలకి బఫెలో దాకా మంచులో డ్రైవ్ చేసుకుని వెళ్లాం. పెద్దగా జనం లేరు. ఆస్పత్రిలో ఆవిడతో పనిచేసిన నర్సులు కొందరు, తెలుగువాళ్లు కొందరు. వెనక వరసలో మేస్త్రీ, చేతికర్ర పక్కన ఆనించుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని. అంతా అయిపోయాక కూతురు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇంటికి రావా నాతో? ఒక్కదాన్నే వెళ్లలేను" అంది. మా ఆయన పాపని తీసుకుని హోటల్‌కి వెళ్లాడు.

వంటింట్లో ఆ పిల్ల టీ పెట్టింది కానీ ఇద్దరం తాగలేదు.

"ఒకటి అడగనా అక్కా? అమ్మ ఆ వాల్ తనే ఎందుకు చేసింది? మేసన్ ఉన్నాడు కదా. నేను ఎన్నిసార్లు అడిగినా, ఏం తోచక అనేది."

"మీ నాన్నగారు చేసిన పని కదా. వేరేవాళ్లు తవ్వుతుంటే చూడలేకపోయింది" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. ఇటు తిరక్కుండానే మాట్లాడింది.

"నాన్న వాల్ చేసినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. కాలేజ్ ఫస్ట్ ఇయర్ అయి, సమ్మర్‌కి వచ్చాను. ఒకరోజు గరాజ్‌లోకి వెళ్తే, నాన్న ఫ్లోర్ మీద కూర్చుని, ఇలా పట్టుకుని..." అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. "అమ్మకి చెప్పొద్దు అన్నాడు. ఇప్పుడు చెప్తే పని ఆపించేస్తుంది, వాల్ అయిపోయాక నేనే చెప్తాను అన్నాడు. ప్రామిస్ చేయించుకున్నాడు. నేను కాలేజ్‌కి వెళ్లిపోయాను. తర్వాత నవంబర్‌లో అమ్మ ఫోన్." గుండె మీది చెయ్యి దించింది. "అమ్మకి నేను ఎప్పుడూ చెప్పలేదు అక్కా. తనకి తెలీకుండానే పోయింది."

నేనిచ్చిన మాట గుర్తొచ్చింది. ఆ మాట పుచ్చుకున్న మనిషి లేదు. ఈ పిల్ల ఉంది.

"మీ అమ్మకు తెలుసు" అన్నాను.

చెప్పాను. బకెట్టు మీద కూర్చోవడం, ఉలి మొనతో చూపించడం, పూసుకుపోయిన సిమెంటు, సగంలో ఆపిన సందులు. నీకు తెలియకూడదని నాతో మాట తీసుకుందని కూడా చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. ఏదో లెక్క సరిపోనట్టు నా మొహంలోకి చూసింది.

"ఎప్పుడు తెలిసింది తనకి?"

"మా బిడ్డ పుట్టిన తర్వాతి సెప్టెంబరు."

"మేం ప్రతి సండే మాట్లాడుకున్నాం అక్కా. ప్రతి సండే. వెదర్ గురించి, కూరల గురించి." కోటు తీసుకుంది. "ఎక్కడో చూపించు."

వెనక తలుపు తీసుకుని వెళ్లాం. మూలలో సున్నం గీతలు తిన్నగా, తెల్లగా ఉన్నాయి. ఆ పిల్ల గ్లవుజు తీసి, ఒక వరస పొడుగునా వేలు రాసుకుంటూ వెళ్లింది.

"ఇందులో నాన్నది ఏది?"

"ఏం లేదురా. అమ్మ మొత్తం తీసేసింది."

వేలు ఆగింది. గోడవైపే చూస్తూ అంది. "థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు, ఈ వాల్ అయిపోయిన ఇయర్, అమ్మ నన్ను ఇక్కడికే తీసుకొచ్చింది. వాల్ ఎలా ఉందో చూడు అంది. తర్వాత సడన్‌గా, 'ఆ సమ్మర్‌లో నాన్న నీతో ఏమైనా అన్నారా?' అని అడిగింది. లేదు అన్నాను. అమ్మ నన్నే చూసింది, చాలాసేపు. తర్వాత, 'సరే, లోపలికి పద, చలేస్తోంది' అంది."

మంచు మళ్లీ మొదలైంది. ఆ గోడ దగ్గర అలాగే నిలబడ్డాం ఇద్దరం. లోపలికి పదమనడానికి ఆ ఇంట్లో ఇంక ఎవరూ లేరు.